సాత్తుక్కుడి, బత్తాయి, మోసంబి: మా ఇంటి గ్లాసు చరిత్ర



పోయినసారి ఉస్మాన్‌షాహీ మిల్లు గురించి రాస్తే చాలామంది ఫోన్ చేసి మాట్లాడారు. సంతోషం. ఈసారి విషయం కొంచెం ఇబ్బందైనది. మద్యం గురించి. సంఘం పేజీలో ఇదెందుకని పెద్దవాళ్ళకు అనిపించవచ్చు. చివరిదాకా చదివి, తరవాత తిట్టండి. ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెబుతున్నాం. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

దసరాకి మా అబ్బాయి పుణె నుంచి వచ్చాడు. వాళ్ళ స్నేహితులు దీపావళికి ఒక విందు పెట్టుకుంటున్నారట. ఒక్కొక్కరూ తమ ఇంట్లో పాతకాలం నుంచి వస్తున్న వంటకమో పానీయమో చేసి తేవాలి. వాడు అడిగాడు: "నాన్నా, తాత విస్కీలో సాత్తుక్కుడి రసం కలుపుకునేవాడని చెప్తావు కదా, అది ఎలా చెయ్యాలో చెప్పు. 'తాత కాక్‌టెయిల్' అని పేరు పెడతాను."

మాకు వెంటనే నోరు రాలేదు. ఆ గ్లాసు మీద మాకు యాభై ఏళ్ళుగా ఒక కోపం ఉంది. అది తరవాత చెబుతాం. ముందు చరిత్ర.

పళ్ళ రసం, సారాయి కలిపి తాగడం ఎక్కడో అమెరికాలో పుట్టిందని పిల్లలు అనుకుంటారు. కానీ ఇంగ్లీషువాళ్ళ 'పంచ్' అనే పానీయం పేరు కాగితం మీద మొదట కనపడేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకున్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఉన్నది పెటపోలిలో, అంటే మన ఆంధ్ర తీరంలోని నిజాంపట్నంలో. కంపెనీవాళ్ళు మచిలీపట్నం వచ్చింది 1611లో. ఇరవై ఏళ్ళలో వాళ్ళకు ఈ అలవాటు అబ్బింది. జాన్ ఫ్రైయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు మన దేశమంతా తిరిగి రాసిన పుస్తకం 1698లో లండన్‌లో అచ్చయింది. హిందుస్తానీలో 'పాంచ్' అంటే ఐదు, ఐదు వస్తువులు కలుపుతారు కాబట్టి పంచ్ అని ఆయన రాశాడు. ఆ మాట పుట్టుక గురించి పండితుల్లో వాదన ఉంది గానీ వస్తువులు మాత్రం అవే: సారాయి, పులుపు, తీపి, నీళ్ళు, మసాలా.

ఇందులోంచి సారాయి తీసేస్తే ఏం మిగులుతుంది? మన శ్రీరామనవమి పానకం. బెల్లం, నిమ్మరసం, శొంఠి, మిరియం, నీళ్ళు. కాబట్టి మా ఇంటి గ్లాసు మా నాయన కనిపెట్టినదేం కాదు. దానికి పాత వేళ్ళున్నాయి.

ఇక పండు సంగతి. ఒకే పండు, మా జీవితంలో మూడు పేర్లు. అరక్కోణంలో పుట్టి పెరిగినప్పుడు అది సాత్తుక్కుడి. సికింద్రాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు బత్తాయి. నాందేడ్‌కి వచ్చాక మోసంబి. అనంతపురం సహోద్యోగి ఒకాయన చీనీకాయ అనేవాడు, అది నాలుగోది. మోసంబి పేరు మొజాంబిక్ నుంచి వచ్చిందంటారు, బత్తాయి పేరు బటావియా నుంచి అంటారు. ఓడల్లో తిరిగిన పండు. ఇప్పుడు మన మరాఠ్వాడాలో జాల్నా మోసంబి, తెలంగాణలో నల్లగొండ బత్తాయి పేరు మోసినవి.

నిజాం కాలంలో నాందేడ్ హైదరాబాద్ రాజ్యంలో ఉన్నప్పుడు ఇక్కడ మద్యం అంటే ముఖ్యంగా రెండు. ఒకటి కల్లు. రెండోది ఇప్పపువ్వు సారా. కిన్వట్, మాహూర్ అడవుల్లో మోహ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. గోండులకు అది తాగుడు సరుకు మాత్రమే కాదు, దేవుడి ముందు పెట్టేది కూడా. ఇటు నిజాం ఖజానాకి అబ్కారీ పెద్ద రాబడి, అటు బొంబాయి ప్రెసిడెన్సీలో ఇంగ్లీషువాళ్ళు 1892లో మొహ్‌రా చట్టం అని ఒకటి తెచ్చి పువ్వు ఏరుకోవడానికే అడ్డం పెట్టారు. జనం ఇంట్లో కాచుకుంటే సర్కారుకి డబ్బు రాదు కదా.

1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే స్పిరిట్ వస్తుంది. మనం గుర్తుపెట్టుకోవలసింది ఇదే. స్కాట్లాండ్‌లో ధాన్యం నుంచి తీసి, కనీసం మూడేళ్ళు ఓక్ పీపాల్లో నిలవ ఉంచితేనే స్కాచ్ విస్కీ. మన దేశంలో విస్కీ అని అమ్ముడయిన చవక సరుకులో ఎక్కువ భాగానికి మూలం ఈ మొలాసిస్ స్పిరిట్టే. అందుకే యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. ఇప్పుడు మంచి బార్లీ విస్కీలు ఇక్కడా వస్తున్నాయి. బెంగళూరువాళ్ళ అమృత్ 2004లో గ్లాస్గోలోనే విడుదలైంది. కానీ మా నాయన కాలపు విస్కీ చాలావరకు చెరకు సంతానమే. అందులో బెల్లం కలిపితే అన్నదమ్ములు కలిసినట్టే.

ఇక మద్యనిషేధం. మా తరం తమిళనాడు పిల్లలకు ఇది పుస్తకంలో పాఠం కాదు, ఇంట్లో జరిగిన సంగతి. రాజాజీ 1937 అక్టోబర్ 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు. పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. 1948కి మద్రాసు రాష్ట్రం మొత్తం నిషేధం. విడిపోయిన ఆంధ్రలో 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ మద్యనిషేధం గొడవలోనే అవిశ్వాసంతో పడిపోయింది. ఇటు బొంబాయి రాష్ట్రంలో 1949 చట్టం. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిశాక, 1959లో ఆ చట్టాన్ని మనవైపుకీ పొడిగించారు. అంటే మేము అరక్కోణంలో పుట్టేనాటికి అక్కడా నిషేధమే, నాందేడ్‌లోనూ నిషేధమే.

నిషేధం ఉన్నచోట మద్యం మాయం కాలేదు, వాసన మార్చుకుంది. మద్రాసులో జనం జింజరు టింక్చర్ అనే అల్లం మందు సోడాలో కలుపుకుని తాగారు. వార్నిష్ తాగి పోయినవాళ్ళున్నారు. మిథైల్ ఆల్కహాల్ కలిసిన సరుకు కళ్ళు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. ఇది పాతకథ అనుకోకండి. 2015 జూన్‌లో ముంబై మాల్వణిలో కల్తీసారా తాగి వందమందికి పైగా చనిపోయారు.

ఇక్కడ మహారాష్ట్రలో నిషేధం సడలించి 1973లో దేశీ దారుకి నియమాలు రాశారు. అప్పటినుంచి దుకాణాల్లో మనం చూసే దేశీ సీసాల పేర్లు గమనించారా? సంత్రా, మోసంబి. లోపల పండేమీ ఉండదు, ఎసెన్స్. చవక స్పిరిట్ ఘాటు గొంతులో దిగాలంటే ఏదో ఒక కమ్మని వాసన కావాలి. పెద్ద హోటల్లో వెయ్యి రూపాయలకు అమ్మే పండ్ల కాక్‌టెయిల్‌కీ, రైల్వే గేటు పక్కన దొరికే సంత్రా సీసాకీ సూత్రం ఒక్కటే.

ఇప్పుడు మా ఇంటికి వస్తాం.

మా నాయన గూడ్స్ గార్డు. బెంగళూరు వైపు డ్యూటీ పడినప్పుడు నెలకో సీసా విస్కీ పెట్టెలో దాచి తెచ్చేవాడు. డ్యూటీలో ముట్టేవాడు కాదు, అది ఆయన నియమం. ఇంటికొచ్చి, స్నానం చేసి, చీకటి పడ్డాక ఇత్తడి గ్లాసులో తాగేవాడు. అందులో సాత్తుక్కుడి రసం, బెల్లం నీళ్ళు, చుక్కు (మా ఇంట్లో శొంఠిని ఈ తమిళ పేరుతోనే పిలిచేవాళ్ళం), రెండు మిరియాలు. మా అవ్వ, అంటే నాయన తల్లి, వరండాలో పడుకునేది. ఆమెకు వాసన రాకూడదని పండు కలిపేవాడని మేము అనుకున్నాం.

ఆ రోజుల్లో సాత్తుక్కుడి రోగులు తినే పండు. జ్వరం వస్తేనే ఇంటికి వచ్చేది. 1969లో మా చెల్లికి టైఫాయిడ్ వచ్చింది. ఒకరోజు ఇంట్లో ఒకటే పండు. వంటింటి తలుపు సందులోంచి మేము కళ్ళారా చూశాం. అమ్మ ఆ పండుని నాయన గ్లాసులోకి పిండుతోంది. చెల్లి చాప మీద మూలుగుతోంది. మాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మని ఏమీ అడగలేదు. కానీ మరిచిపోలేదు. చెల్లికి తగ్గింది, పెళ్ళయింది, మనవలు కూడా. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు. ఆ పండు మాత్రం మా కడుపులో అలాగే ఉండిపోయింది.

అబ్బాయి అడిగితే నోరు రానిది ఇందుకే.

సరే, వాడి ముచ్చట కాదనలేక వజీరాబాద్ బజారులో తోపుడు బండి మీద మంచి మోసంబీలు తెచ్చాం. తొక్క తీసి, తెల్లపొర లేకుండా తొనలు పిండి, అన్నీ లెక్క ప్రకారం కలిపాం. తాగితే అది కాదు. మాకు ఉద్యోగం వచ్చాక ఒక సంక్రాంతికి నాయన తన గ్లాసులోంచి ఒక గుక్క ఇచ్చాడు, ఆ రుచి గుర్తుంది. ఇది ఉత్త తియ్యటి రసం. దానిలో ఒక చేదు ఉండేది. చేదు తరవాత చుక్కు మంట.

చివరికి తిరుత్తణిలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాం. ఆమెకు 86 ఏళ్ళు. అప్పట్లో మా ఇంట్లోనే ఉండేది. ఆమె నవ్వి అన్నది:

"ఒరే అబ్బాయీ, మీ నాయనకి కలపడం ఏం తెలుసురా? కలిపేది మీ అమ్మ. సీసా ఆమె దగ్గరే ఉండేది, బియ్యం డబ్బాలో. పోలీసులు సోదా చేస్తే మీ నాయన ఉద్యోగం పోతుందని భయం. మందుల కొట్లో ఇచ్చిన ఔన్సు గ్లాసుతో ఒక్క ఔన్సు పోసేది. దానికి మించి చుక్క పోసేది కాదు. మగవాడికి గ్లాసు నిండుగా కనపడాలి కదా, అందుకే ఆ నీళ్ళూ రసమూ."

మేము మెల్లిగా చెల్లి జ్వరం నాటి సంగతి అడిగాం. అత్త కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది:

"మొదటి రసం ఎప్పుడూ పిల్లకేరా. అరగంట ముందే పట్టించేసేది. మీ నాయన గ్లాసులోకి పోయింది పిప్పి. తొక్కతో సహా మళ్ళీ నొక్కి, నీళ్ళు పోసి పిండేది. చేదు రాకుండా ఉంటుందా? ఆ చేదు కప్పడానికే చుక్కూ బెల్లమూ. నువ్వు చూసింది రెండో పిండుడు."

ఫోన్ పెట్టేసి మేము చాలాసేపు వరండాలో కూర్చున్నాం. మా ఇంటావిడ వచ్చి లైటు వేసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

చేదు సంగతి నిజమే. బత్తాయి రసం పిండి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. గింజల్లో, తెల్లపొరలో ఉన్న పదార్థం పులుపుతో కలిసి మెల్లిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అందుకే జ్యూస్ బండివాడు మన ముందే పిండి ఇస్తాడు. మా అమ్మకి లిమోనిన్ పేరు తెలియదు, దాని పని మాత్రం తెలుసు.

ఒక సీసా 750 మిల్లీలీటర్లు అనుకుంటే, ఔన్సు చొప్పున 25 రోజులు. నాయన నెలలో సగం రోజులు లైన్ మీదే ఉండేవాడు కాబట్టి నెలన్నర దాటేది. మరి 1971లో ఏమైంది? తమిళనాడులో నిషేధం ఎత్తేశారు. దుకాణాలు తెరిచారు. నాయనకి ఇంటికి తెచ్చే అవసరం పోయింది, దాచే అవసరం పోయింది. జీతం రోజున దుకాణం దగ్గరే ఆగేవాడు. అక్కడ ఔన్సు గ్లాసు లేదు, పండు లేదు, చుక్కు లేదు. ఆ మూడేళ్ళలోనే అమ్మ గాజులు పోయాయి, మా అన్న కాలేజీ ఆగిపోయింది. 1974 నాటికి మళ్ళీ నిషేధం పెట్టారు. సీసా మళ్ళీ బియ్యం డబ్బాలోకి వచ్చింది, గ్లాసు మళ్ళీ అమ్మ చేతికి వచ్చింది.

దీన్నిబట్టి నిషేధమే మంచిదని మేము తీర్పు చెప్పలేం. ఎందుకంటే ఇంకోవైపు కూడా చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం. అప్పుడు మేము ధర్మాబాద్ స్టేషన్‌లో టికెట్ కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళం. పక్క స్టేషన్ బాసర అప్పట్లో ఆంధ్రప్రదేశ్, ధర్మాబాద్ మహారాష్ట్ర. సాయంత్రం బండికి ఖాళీ చేతులతో దిగేవాళ్ళు, రాత్రి బండికి తూలుతూ ఎక్కేవాళ్ళు. కొందరు సరస్వతీ దేవి దర్శనానికి వచ్చినట్టు నుదుట కుంకుమ కూడా పెట్టుకుని వచ్చేవారు! 1997లో నిషేధం పోయింది, ఆ రద్దీ తగ్గింది. చట్టాలు మద్రాసులో, బొంబాయిలో, హైదరాబాద్‌లో రాశారు. ఎంత పొయ్యాలో కొలిచే పని మాత్రం ఏ ఇంటి ఆడదానికి ఆ ఇంటి ఆడదానికే మిగిలింది. దూబగుంట ఆడవాళ్ళు చేసింది కూడా ఆ కొలతని వీధిలోకి తేవడమే.

మర్నాడు మేమూ అబ్బాయీ మళ్ళీ కలిపాం. అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాం. ఒక పెద్ద మోసంబి మొదటి రసం పిండి ఇంట్లో చిన్నవాళ్ళకో, ఒంట్లో బాగాలేనివాళ్ళకో ఇచ్చెయ్యాలి. ఇది మొదటి నియమం. మిగిలిన పిప్పిని బాగా కడిగిన తొక్క ముక్కతో సహా అరగ్లాసు నీళ్ళలో నలిపి పది నిమిషాలు ఉంచి వడకట్టాలి. ఒక చెంచా బెల్లం కరిగించాలి. చిటికెడు శొంఠి, రెండు మిరియాలు దంచి వెయ్యాలి. అయిదారు చుక్కల నిమ్మరసం, కొంచెం ఉప్పు. చివరికి 30 మిల్లీలీటర్ల విస్కీ, కొలిచి పొయ్యాలి, కంటి అంచనా పనికిరాదు. అమ్మకి ఐస్ దొరకలేదు, మనకు దొరుకుతుంది కాబట్టి రెండు ముక్కలు. విస్కీ వద్దంటే ఆ చోట సోడా. మా ఇంటావిడ అలాగే తాగి, మాదానికంటే బాగుందన్నది.

ఇంకో మాట. మహారాష్ట్రలో ఆ 1949 చట్టం పేరు మారినా ఇప్పటికీ బతికే ఉంది. తాగడానికి పర్మిట్ ఉండాలి, విస్కీ లాంటివాటికి 25 ఏళ్ళు నిండాలి. అబ్బాయికి కూడా అదే చెప్పాం.

వాడు పుణె వెళ్ళే ముందు బ్యాగు సర్దుకుంటూ అడిగాడు: "నాన్నా, అవ్వ ఔన్సు గ్లాసు ఇంకా ఉందా?" ఉంది. అరక్కోణం ఇల్లు అమ్మినప్పుడు పాత సామాన్లతో వచ్చింది, ఒక అంచు కొంచెం విరిగింది. పాత గుడ్డలో చుట్టి ఇచ్చాం. తాత కాక్‌టెయిల్ అనే పేరు తీసేశాడు. 'అవ్వ ఔన్సు' అని పెట్టాడట.

మా చెల్లికి కూడా ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. "మొదటి రసం నాకే వచ్చిందని నాకు తెలుసు కదన్నా, నన్ను అడిగితే యాభై ఏళ్ళ క్రితమే చెప్పేదాన్ని" అన్నది.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి గ్లాసులు, దాచిన డబ్బాలు ఉండే ఉంటాయి. కిన్వట్ వైపు బంధువులు ఇప్పపువ్వు సంగతులు రాస్తే అందరం చదువుతాం. ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు ఉంటే ముందు వాళ్ళని అడిగి రాయండి. మాలాగా ఆలస్యం చెయ్యకండి.

ఉంటాం.